మజిలీలో మిగిలిన గంటలు



నా తమ్ముని కుమారుడు ఉద్యోగము నిమిత్తము అమెరికా దేశమున నివసించుచున్నాడు. అతడు సంక్రాంతికి కొలది దినముల ముందు నాతో దూరవాణిలో మాటలాడుచు ఒక ప్రశ్న అడిగెను. అతడును, భార్యయు, పిల్లలును సెలవులలో ఒక పెద్ద ఓడనెక్కి కరేబియను సముద్రమున విహారము చేయ నిశ్చయించుకొనిరట. ఆ ఓడలు రాత్రివేళ ప్రయాణము చేయును. తెల్లవారుసరికి ఏదో యొక ద్వీపమున రేవు చేరి నిలుచును. సాయంకాలమున మరల లంగరు ఎత్తును. నడుమ ఏడెనిమిది గంటలు ప్రయాణికులు నేలమీద దిగి తమ యిష్టము వచ్చినట్లు తిరుగవచ్చును. అయితే చెప్పిన గంటకు మరల ఓడలో ఉండవలెను. స్వంతముగా తిరుగబోయి ఆలస్యము చేసినవాని కొరకు ఓడ నిలువదు.

“పెదనాన్నా, ఒక్కొక్క రేవులో చూడదగినవి ఇరవై ముప్పై ఉన్నాయని రాసినారు. మాకు ఉండేది ఏడు గంటలే. ఏమి చేయమంటావు?” అని అతడు అడిగెను.

నేను సముద్రము దాటినవాడను కాను. ఓడ నెక్కినవాడను అంతకంటె కాను. అయినను ఆ ప్రశ్నకు నాకు ఒక సమాధానము తెలియును. దానిని నేను కడప జిల్లాలో, జమ్మలమడుగునకు 15 కిలోమీటర్ల దూరములో, గండికోటలో నేర్చుకొంటిని. నేర్చుకొన్న విధము నాకు గౌరవము కలిగించునది కాదు. అయినను ఆ పిల్లవానితో చెప్పినదే మీతోను చెప్పెదను.

మజిలీ యనునది మనకు క్రొత్త మాట కాదు. రైళ్ళు లేని దినములలో ప్రయాణమనగా మజిలీల వరుసయే. ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు మీలో పలువురు విని యుందురు. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830వ సంవత్సరము మే నెలలో బయలుదేరి, మన కడప మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రను చూచినచో ఒక సంగతి స్పష్టమగును. మజిలీ చేరిన పిమ్మట ఆయన ఊరక పరుండలేదు. అట్లని ఊరంతయు పరుగెత్తనులేదు. ఆ ఊర నీరు మంచిదా కాదా, అంగళ్ళున్నవా, కావలసిన వస్తువులు దొరకునా, జనులెట్టివారు, దారి యెట్టిది అను నాలుగు సంగతులు విచారించి వ్రాసికొనెను. దాదాపు రెండువందల సంవత్సరములు గడచిన తరువాత మన తాతల నాటి ఊళ్ళు ఎట్లుండెనో తెలిసికొనుటకు మనకు ఆ మజిలీ గంటలే ఆధారమైనవి.

ఇక గండికోట సంగతి. నందికొండలలో పుట్టి, అనంతపురము దాటి, చిత్రావతిని కలుపుకొని వచ్చు పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పోవు చోట ఒక లోతైన గండి యేర్పడినది. రెండు ప్రక్కల ఎఱ్ఱని రాతి గోడలు పలకమీద పలక పేర్చినట్లు నిలువుగా నిలిచియుండును. క్రింద నది. ఆ గండి దక్షిణపు టొడ్డున కట్టిన కోట గనుక గండికోట అని పేరు వచ్చినది. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ జాతి రాతికే గండికోట పేరు పెట్టిరి. ఆ రాయి నూరు కోట్ల సంవత్సరములకు మించిన ప్రాచీనమైనది. దాని యెదుట కోట నిన్న మొన్నటిది. కాకరాజు అను నాతడు 1123లో ఇచ్చట మొదట కోట కట్టెనని కైఫీయతు చెప్పుచున్నది. తరువాత పెమ్మసాని వంశపు నాయకులు విజయనగర ప్రభువులకు సామంతులై దీనిని ఏలిరి. వారి పిమ్మట గోలకొండవారు, మరికొంద రేలికలు. 1791లో మైసూరు యుద్ధ సమయమున ఇంగ్లీషువారు పట్టుకొనిరి. కోటలో ఇప్పటికిని ఒక గ్రామము కలదు. మాధవరాయస్వామి ఆలయము, రంగనాయకస్వామి ఆలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము, పావురాల గోపురము, బందిఖానా, రాయలచెరువు, కత్తుల కోనేరు — ఇవన్నియు ఒక కోటగోడ లోపలనే యున్నవి.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట జమ్మలమడుగులో మా బంధువుల యింట వివాహము జరిగెను. తెల్లవారుజామున ముహూర్తము. తొమ్మిది గంటలకు తాంబూలములు ముగిసినవి. మాకు తిరుగుప్రయాణపు రైలు రాత్రికి ఎఱ్ఱగుంట్లలో. పగలంతయు ఖాళీ. నాతో మా మేనమామ ఉండెను. ఆయనకు అప్పటికి డెబ్బది రెండేండ్లు. ఆజన్మాంతము సేద్యము చేసినవాడు. మోకాళ్ళ నొప్పిచేత మెల్లగా నడుచును. “గండికోట పేరు చిన్నప్పటినుంచి వింటున్నాను. ఇంత దగ్గరికి వచ్చి చూడకుండా పోవడమా?” అని ఆయనయే మొదట అనెను. మధ్యాహ్నము నాలుగు గంటలకు కోటనుండి తిరుగు బస్సు కలదని విచారించుకొని, పది గంటల బస్సులో బయలుదేరితిమి.

నేను అంతకు ముందు రాత్రి ఒక కాగితముమీద చూడవలసినవన్నియు వరుసగా వ్రాసి యుంచితిని. పదమూడు స్థలములు. ఒక్కొక్క దానికి ఇన్ని నిమిషములని ప్రక్కన లెక్క వేసితిని. ఇనుప రేకులు తాపి, ఇనుప మేకులు దిగగొట్టిన ఆ పెద్ద తలుపుల యెదుట మామ నిలిచి వాటిని చేతితో తడవుచుండగా, నేను ఆయన చేయి పట్టి ముందుకు లాగితిని. ధాన్యాగారము చేరునప్పటికి పదకొండు కావచ్చినది. ఆయన అలసెను. గోడప్రక్క నీడలో ఒక రాతిమీద కూర్చుండి, “నువ్వు పోయి చూసి రా అల్లుడా. నేను ఇక్కడే ఉంటాను” అనెను. నా వద్దనున్న నీళ్ళ సీసా ఆయనకు ఇచ్చుటకు కూడ మరచి, నేను కాగితము చేతబట్టుకొని పోయితిని.

పోయి ఏమి చూచితినని మీరడిగినచో నేడు చెప్పలేను. మసీదు మెట్లెక్కితిని, దిగితిని. మాధవరాయస్వామి ఆలయ గోపురము చుట్టు తిరిగితిని. ఇప్పుడు తలచుకొన్న నాకు గుర్తువచ్చునవి ఆ కాగితముమీది పేర్లే గాని ఆ స్తంభములు కావు. ఒక్కొక్క పేరు కొట్టివేయునప్పుడు కలిగిన తృప్తి మాత్రము జ్ఞాపకమున్నది. అది అప్పు తీర్చువాని తృప్తి. చూచువాని సంతోషము కాదు.

అది వైశాఖమాసము. మీరు పొలములో పనిచేసినవారు గనుక మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ దినములలో మన సీమలో మిట్టమధ్యాహ్నమునకు సూర్యుడు నడినెత్తిన నిలుచును. ఉదయము పదకొండింటికి గోడప్రక్క ఉన్న రెండు మూరల నీడ పన్నెండింటికి గోడ మొదటనే మాయమగును. నీడ ఒకచోట కూర్చుండదు. ఈ చిన్న సంగతి ఒక సేద్యగాని మేనల్లుడనై యుండియు నాకు తోచలేదు. నేను తిరిగి వచ్చునప్పటికి రెండు గంటలు దాటినది. ధాన్యాగారపు గోడ మొదట ఎండ నిప్పులు చెరుగుచున్నది. రాయి ఉన్నది. మామ లేడు.

పిలిచితిని. పలుకు లేదు. మసీదులో చూచితిని. ఆలయములో చూచితిని. నీళ్ళు వెదకికొనుచు గండివైపు పోయెనేమో యను అనుమానము వచ్చినంతనే నా కాళ్ళు వణకినవి. ఆ అంచున గోడ లేదు, కంచె లేదు. పలకరాళ్ళు ఒకదానిమీద నొకటి పేర్చినట్లుండి, కొన్ని కాలు పెట్టిన కదలును. క్రింద వందల అడుగుల లోతు. నేను ఆ అంచున మోకాళ్ళమీద వంగి క్రిందికి చూచితిని. లోకమంతయు వచ్చి చూచిపోవు ఆ గండిని నేను మొదటిసారి చూచినది ఆ విధముగా. ఎఱ్ఱని రాళ్ళ నడుమ మామ తెల్లని పంచె కనబడునేమో యని వెదకుచు చూచితిని. అంతకు మించి నాకు ఆ నది కనబడలేదు, ఆ కొండ కనబడలేదు.

మేకలు కాచు బాలుడొకడు నన్ను చూచి, “పెద్దాయన కోసరమా సామీ? మా అవ్వ ఇంట్లో ఉండాడు” అనెను.

కోట ఊరిలో ఒక చిన్న యింటి వసారాలో మామ నులకమంచముమీద పరుండి యుండెను. తలకు తడిగుడ్డ. ప్రక్కన మజ్జిగ చెంబు. నీడ పోయిన తరువాత లేచి నడువబోయి కన్నులు చీకట్లు క్రమ్మి కూలబడెనట. నీళ్ళకు పోవుచున్న ఒక వృద్ధురాలు చూచి, మనుమని పిలిచి, ఇద్దరును పట్టుకొని యింటికి చేర్చిరట. ఆమె నన్ను తిట్టలేదు. “ఎండకు తాళలేకపోయినాడు నాయనా. తొందర యాల? కోట యాడికీ పోదు గదా” అని మాత్రము అనెను. ఆ మాట తిట్టుకంటె ఎక్కువగా తగిలినది.

నాలుగు గంటల బస్సు పోయినది. ఆయన లేచి కూర్చుండగలుగునప్పటికి ఐదు దాటినది. గడ్డి వేసికొని పోవు ఒక ట్రాక్టరుమీద జమ్మలమడుగు చేరితిమి. రైలు దొరకలేదు. ఆ రాత్రి పెండ్లివారి యింటనే, తీసివేయని పందిరి క్రింద పరుంటిమి.

ఆ పందిరి క్రింద మామ నన్నడిగెను: “ఏమిరా అల్లుడా, అన్నీ చూసినావా?”

చూచితినంటిని.

“ఆ గాదె అంత ఎత్తున ఎందుకు కట్టినారు?” అని అడిగెను.

నాకు తెలియదు.

అప్పుడాయన చెప్పిన మాటలు నేటికిని నా చెవులలో నున్నవి. మన సీమలో జొన్నలు దాచుటకు పాతర త్రవ్వుదుము. నేలలోతున గడ్డి పరచి ధాన్యము పోసి మూయుదుము. కొండరాతిమీద పాతర ఎట్లు త్రవ్వగలరు? అందుచేత నేలలోనికి దించవలసినదానిని మీదికి లేపిరి. ఎత్తైన అరుగు వేసి, దళసరి గోడలు కట్టి, పైన కమాను కప్పు మూసిరి. తేమ క్రిందనుండి రాదు, వాన మీదనుండి దిగదు. ముట్టడి వచ్చిన దినమున కోటకు రక్షణ ఫిరంగి కాదు, ఆ గాదె యని ఆయన యనెను. ఆ గోడ నానుకొని కూర్చున్న గంటలో, వీపునకు తగులు చల్లదనము చేతనే గోడ మందము అంచనా వేసితిననియు చెప్పెను. ఇది శాస్త్రజ్ఞుల మాట కాదు, ఒక సేద్యగాని ఊహ. కాని నా పదమూడు స్థలములలో ఒక్కదానిని గురించి అంతపాటి ఊహ నాకు కలుగలేదు.

ఇంకను చెప్పెను. ఆ వృద్ధురాలివలన ఆయన చాల సంగతులు వినియుండెను. కత్తుల కోనేటిలో యుద్ధము నుండి వచ్చినవారు కత్తులు కడిగెడివారని ఆమె పెద్దలు చెప్పుకొనెడివారట. పెన్నకు ఏరు వచ్చిన రాత్రి హోరు ఇంటిలోనికి వినవచ్చుననియు, ఆ హోరు మారుటనుబట్టి నీరు పెరుగుచున్నదో తీయుచున్నదో ముసలివారు పడకమీదనుండియే చెప్పెడివారనియు ఆమె చెప్పెనట. నేను కాళ్ళు కాలునట్లు తిరిగి తెచ్చుకొన్నది ఒక కొట్టివేతల కాగితము. సొమ్మసిల్లి మంచమున పడినవాడు గండికోటను తెచ్చుకొనెను.

ఆ పిమ్మట నేను ఆ కోటను గురించి దొరికినంత చదివితిని. అందులో నన్ను మిక్కిలి ఆకర్షించినది తవెర్నియే అను ఫ్రెంచి వర్తకుని వృత్తాంతము. అతడును మజిలీలో చిక్కుకొన్నవాడే. 1652లో అమ్మకమునకు ముత్యములు పట్టుకొని వచ్చెను. గోలకొండ సుల్తానుకు సరకు చూపవలెనన్న, ముందుగా మీర్ జుమ్లాకు చూపవలెను. మీర్ జుమ్లా గండికోటలో నున్నాడు. మూడు మాసముల ముట్టడి తరువాత కోటను పట్టుకొని అప్పటికి ఎనిమిది దినములే యైనది. తవెర్నియే సెప్టెంబరు 1వ తేదీన అచ్చటికి చేరి, ఇంచుమించు రెండు వారములు నిలిచియుండెను. పెద్దవాని దర్శనము, పెద్దవాని తీరిక — వీనికొరకు కాచుకొనియుండుట కంటె విసుగైన ఖాళీ లోకములో లేదు. తాలూకా కచేరీల వద్ద కాచుకొన్నవారు మీలో పలువురుందురు.

అతడు ఆ ఖాళీని పాడుచేసికొనలేదు. కోటకు వచ్చు త్రోవ యెంత యిరుకైనదో, ఒక ప్రక్క ఎట్టి అగాధము, క్రింద ఎట్టి నది కలదో చూచెను. కొండమీద చిన్న మైదానము కలదనియు, దానిలో వరియు చిరుధాన్యములును పండుచున్నవనియు, చిన్న చిన్న ఊటలు వానికి నీరిచ్చుచున్నవనియు వ్రాసెను. ఆలయములలోని రాగి విగ్రహములను కరగించి ఫిరంగులు పోయవలెనని తన దేశస్థుడే యొకడు కొలువుచేయుచు చేసిన ప్రయత్నమును వ్రాసెను. ఒక ఉదయమున మీర్ జుమ్లా గుడారములో ఎట్లు కచేరీ చేయుచుండెనో అతడు చూచిన తీరు చాల విచిత్రమైనది. ఆ నవాబు ఉత్తరములను కాలివ్రేళ్ళ సందులలోను ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఇరికించుకొని, ఒక్కొక్కటియే తీయుచు లేఖకులచేత ప్రత్యుత్తరములు వ్రాయించుచుండెనట. రాజుల శాసనములలో ఇట్టి సంగతి వ్రాయరు. పనిలేక ఒక మూల కూర్చుండి చూచుచున్న వర్తకుడు గనుక అది మనకు దక్కినది. ముత్యముల బేరము అతని దినములతోనే పోయినది. బేరమునకై కాచుకొన్న గంటలలో చూచినది మూడువందల డెబ్బది సంవత్సరములుగా నిలిచినది.

మా మామ కాలము చేసి పండ్రెండు సంవత్సరములైనది. మూడు సంవత్సరముల క్రిందట, మార్గశిరమాసమున, నాకు మరల జమ్మలమడుగులో పని పడినది. ఇప్పుడు ఆ ఊరికే రైలున్నది. 2016లో నంద్యాల త్రోవ వేసినారు. మధ్యాహ్నపు రైలుకు ముందు నాకు ఐదు గంటలు మిగిలినవి. ఆటో మాట్లాడుకొని గండికోటకు పోయితిని. దిగగానే తిరుగువేళ నిర్ణయించుకొని, ఆటోవానితో గడియారము చూచి ఒప్పందము చేసికొంటిని. కాగితము తీసికొనిపోలేదు. చూడదలచినవి రెండే: మామ కూర్చున్న గోడ, నేను సరిగా చూడని గండి.

గోడవద్ద కొంతసేపు వీపానించి కూర్చుంటిని. ఆయన చెప్పినది నిజము. తరువాత మెల్లగా నడచి గండిచేరి, అంచునకు పది అడుగులు ఇవతల ఒక బండమీద కూర్చుంటిని. మొదటి అరగంట నాకు రాళ్ళు మాత్రమే కనబడినవి. తరువాత ఆ రాళ్ళలో పొరలు కనబడినవి. ఆ పిమ్మట ఎదుటి గోడమీద నీడ దిగుటయు, నీటి రంగు మారుటయు, గద్దలు మన కాళ్ళ క్రింద ఎగురుటయు కనబడినవి. చూపు కూడ ఆకలివంటిదే. ముందు చల్లబడనిచ్చి పిమ్మట తినవలెను.

ఆ బండమీద నాకు ముందే మరియొకరు కూర్చుండి యుండిరి. డెబ్బది దాటిన మనిషి. తలగుడ్డ, చేతికఱ్ఱ. నేను కోటను చూడవచ్చినవాడననియు, ఇంకను మూడు గంటలు ఉన్నదనియు చెప్పితిని. ఆయన నవ్వి, “నీకు మూడు గంటలు. నాకు పొద్దంతా ఖాళీనే సామీ” అనెను. పెన్నమీద కట్టిన గండికోట జలాశయము సంగతి మీకు తెలియును. 26.85 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునది. ఎండిన సీమకు అది ప్రాణాధారము, సందేహము లేదు. అయితే దాని నీరు నిండుటకు కొండాపురము మండలములోని ఊళ్ళు లేచిపోవలసివచ్చినవి. తాళ్ళప్రొద్దుటూరు 2020లో ఖాళీయైనది. ఆయన యట్లు మునిగిన ఊళ్ళలో నొకదాని వాడు. కొత్తకాలనీలో ఇల్లున్నది, కొడుకులున్నారు. “ఊరు చూడాలని బుద్ధి పుడితే ఇంగ నీళ్ళే చూడాల. ఆడ ఉండేవి నా నీళ్ళే గదా” అనెను.

తరువాత నేనడుగకయే తన ఊరి సంగతులు చెప్పెను. రచ్చబండ ఎచ్చటనుండెను, వేపచెట్టు ఏ దిక్కున నుండెను, ఏ బావి నీరు పప్పు ఉడుకుటకు మంచిది, ఏ మడిలో ఎన్ని బస్తాలు పండెను. ఆయన చేతికఱ్ఱతో బండమీద గీతలు గీసి వీధులు చూపించెను. అది గండికోటలో చూడదగిన స్థలముల పట్టికలో లేదు, ఏ పుస్తకములోను ఉండదు. నేను ఆ దినమున గండికోటలో చూచినది రెండు స్థలములు, మునిగిన ఒక ఊరు. ఆటోవానితో చెప్పిన గంటకు ఐదు నిమిషముల ముందే అతని వద్దకు చేరితిని.

కనుక ఆ పిల్లవానికి నేను చెప్పినది ఇది. దిగగానే మొదట తిరిగిరావలసిన వేళ నిశ్చయించుకో. దానికి ఒక గంట ముందే నీ వేళ పెట్టుకో. వెంట ముసలివారో పిల్లలో ఉన్నచో వారి నడకయే నీ నడక యని తలచుకో. వారిని నీడలో కూర్చుండబెట్టి నీడను నమ్మి పోవద్దు. నీళ్ళు నీ చేతిలో గాక వారి చేతిలో ఉంచు. ఒకటి లేక రెండు స్థలములు ఎన్నుకో. తక్కినవి చూడకపోయినందుకు విచారింపకు. ఒక్కదానిని చక్కగా చూచినవానికి తక్కినవాని మీద కోరిక మిగులును, ఆ కోరిక మంచిది. నిలిచి చూచుటకు ముందు కూర్చుండి చూడు. ఆ స్థలమున పుట్టి పెరిగినవాని నొకనిని వెదకి ఒక ప్రశ్న అడిగి, తరువాత నోరు మూసికొని విను. ఆ రాత్రి నిద్రకు ముందు నాలుగు పంక్తులు వ్రాసికో.

ఈ మాటలు ఓడలెక్కువారికే గదా, మాకెందుకని మీరనవచ్చును. మీకే ముఖ్యము. మజిలీకి రెండు వైపులున్నవి. వచ్చువా డొకవైపు, ఉన్నవాడు రెండవవైపు. గండికోటకు నేడు దేశమునలుమూలలనుండి జనులు వచ్చుచున్నారు. మూడు గంటలు తిరిగి, బొమ్మలు తీసికొని పోవుచున్నారు. కొందరు గండి అంచుకు పోయి ప్రాణములమీదికి తెచ్చుకొనుచున్నారు. కొందరు గోడలమీద పేర్లు చెక్కుచున్నారు. నిక్షేపములున్నవని పాడుగుడులలో గుంతలు త్రవ్వువారును కలరు. వారికి హద్దు చెప్పగలవారు, చూడవలసినది చూపగలవారు ఆ ఊరివారే. ఇది గండికోటకు మాత్రమే కాదు. మీ ఊరి బస్సు నిలుచు చోట రెండవ బస్సుకై రెండు గంటలు కాచుకొనియున్న మనిషి ఒకడు ప్రతిదినము ఉండును. మీ ఊరి చెరువు ఎవరు త్రవ్వించిరో, శివాలయము ముందరి శాసనములో ఏమున్నదో, మీ తాత నాటి కరవులో ఊరు ఎట్లు బ్రతికెనో అతనికి తెలియదు. మీకు తెలియును. మీ తరువాత ఎవరికిని తెలియకపోవచ్చును. ఊళ్ళు నీటిలోనే మునుగుననుకొనరాదు. చెప్పువాడు లేక మునుగు ఊళ్ళే యెక్కువ. ఆ మనిషికి ఒక చెంబు నీళ్ళిచ్చి, ఒక్క సంగతి చెప్పుడు. ఎండలో కూలబడిన మా మామను వసారాలోనికి చేర్చిన ఆ అవ్వ చేసినది అంతే.

మా పిల్లవాడు తిరిగివచ్చి నాకు మరల మాటలాడెను. ప్యూర్టోరికో ద్వీపములో సాన్ హువాన్ అను రేవున వారి ఓడ ఒక పగలు నిలిచెనట. అచ్చట సముద్రము మీదికి చొచ్చుకొనివచ్చిన ఒక రాతికొనమీద, స్పెయిను దేశస్థులు 1539లో కట్టనారంభించిన ఎల్ మోరో అను కోట కలదు. దానిముందు విశాలమైన పచ్చికబయలు. ఆ ఊరివారు పిల్లలతో వచ్చి అచ్చట గాలిపటములు ఎగురవేయుదురట. వీరు ఆ కోటయొక్కటియే చూచిరి. తరువాత పచ్చికలో కూర్చుండిరి. ఒక వృద్ధుడు తన మనుమనితోపాటు మా పిల్లవాని కుమార్తెకును దారము చేతికిచ్చి, సముద్రపు గాలికి ఎప్పుడు వదలవలెనో ఎప్పుడు బిగింపవలెనో నేర్పెనట. భాష రాదు. చేతులతోనే చెప్పెనట.

“ఇంకేమి చూసినారు?” అని అడిగితిని.

“ఇంకేమీ చూడలేదు పెదనాన్నా. ఓడకు గంటముందే చేరినాము” అనెను.

మా మామ వినియుండినచో, ఆ కోటలో గాదె ఎక్కడ కట్టినారని అడిగియుండును. వచ్చేసారి కనుగొని చెప్పుమని పిల్లవానితో చెప్పితిని.